ఆటలో అరటిపండు

స్కూలు వెనక గ్రౌండులో ఆ చింతచెట్టు గుర్తుందా? చెప్పులన్నీ దాని కింద కుప్ప పోసి ఆటకు దిగేవాళ్లం. ఆ కుప్ప పక్కన ఒకడు కూర్చునేవాడు. పేరు రాయను, మా 1991 టెన్త్ బ్యాచ్‌కి రాయక్కర్లేదు కూడా. ఏ చెప్పు ఎవరిదో వాడికి తెలుసు. నా హవాయి చెప్పుకి పట్టీ ఊడిపోకుండా పిన్నీసు ఉండేది. ఆట అయ్యాక ఆ పిన్నీసు చూసి నా జత నా ముందుకు తోసేవాడు. ఒక్కసారీ పొరపాటు పడలేదు. అంకెలు మాత్రం పది దాటితే తికమక. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష దాటలేకపోయాడు. రిజిస్టరులోంచి పేరు పోయింది, సాయంత్రాలు గ్రౌండుకి రావడం మాత్రం పోలేదు.

మరీ ఏడుపు మొహం పెడితే ఏడుపెంకులాటలోకి తీసుకునేవాళ్లం, అరటిపండుగా. గుడ్డల బంతి వీపుకి తగిలినా వాడు అవుట్ కాడు. పెంకులు పేర్చినా లెక్కలోకి రాదు. రెండు జట్లూ వాడివే, ఏ జట్టూ వాడిది కాదు. మేమేదో పెద్ద మనసు చేసుకున్నామనే అనుకునేవాళ్లం. అనకూడని మాటలు కూడా అన్నాం, అవి ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ 1984లోనే పెట్టారు. మనకు నూటయాభై కిలోమీటర్ల లోపే. ఆ సంగతి మనలో ఒక్కరికీ తెలీదు, వాడి నాయనకు అసలే తెలీదు.

ఇదంతా నాకు మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మా బావమరిది కొడుకు వల్ల. పదహారేళ్లు, డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే స్థితి. వాడు బోచీ ఆడతాడు. నేనూ ఆ పేరు వాడి దగ్గరే విన్నాను. అరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు కోర్టు. పెద్ద నిమ్మకాయంత చిన్న బంతిని ముందు విసురుతారు. తర్వాత రెండు జట్లూ చెరి నాలుగు పెద్ద బంతులు దొర్లిస్తాయి. చిన్న బంతికి దగ్గరగా చేరిన వాళ్లకు పాయింటు. మన గోలీలాటకు పెద్దన్నయ్య అనుకోండి.

ఇది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన స్పెషల్ ఒలింపిక్స్‌లో ఆట. చాలామంది పారాలింపిక్స్‌తో కలిపేస్తారు, రెండూ వేరు. అమెరికాలో యూనిస్ కెన్నెడీ ష్రైవర్ అనే ఆవిడ పూనుకుంటే 1968 జులైలో షికాగోలో మొదటి పోటీలు జరిగాయి. ఇక్కడ ముందు అందరినీ ఒకసారి ఆడించి చూస్తారు, సత్తా సమానంగా ఉన్నవాళ్లను ఒక విభాగంలో వేస్తారు. అంటే గెలుపు ఎవరికీ ముందే రాసిపెట్టి ఉండదు, ఓటమీ అంతే. యూనిఫైడ్ అని ఇంకో పద్ధతి ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టు. మావాడి జోడీ ఒక ఇంటర్ కుర్రాడు. నేను ఆడతానంటే కోచ్ నవ్వి, "మీరు వద్దు సార్, వయసూ ఆటా దగ్గరదగ్గరగా ఉండాలి, లేకపోతే మీరే ఆడేస్తారు, బాబు బంతులు అందిస్తాడు" అన్నాడు. చింతచెట్టు కింద చెప్పులు అందించినవాడు కళ్లముందు మెదిలాడు.

ఆ రోజు ఆఖరి బంతి మావాడిదే. దొర్లి దొర్లి ఆగింది. ఎదుటి జట్టు బంతీ ఇదీ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. రిఫరీ మోకాళ్ల మీద కూర్చుని టేపు పెట్టి కొలిచాడు. నాకు టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. రెండు వేళ్ల తేడాతో పోయింది. చిన్నపిల్లాడే కదా, ఇచ్చేయొచ్చు కదా అని లోపల అనుకున్నాను. రిఫరీ ఇవ్వలేదు. వాడు ఇంటికొచ్చి మూతి ముడుచుకుని, ఇడ్లీ ముట్టకుండా, "మామయ్యా, టేపు సరిగ్గా పెట్టలేదు" అని రాత్రి దాకా సణిగాడు.

మన వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి సంగతి మీకందరికీ తెలుసు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో ఎన్నెన్ని మాటలన్నారో ఆమె ఇంట్లోవాళ్లే చెప్పారు. చాలా సంతోషం. కానీ పతకం తెస్తే తప్ప నోరు మూసుకోమా అని నాకో కోపం. ఆ పతకాలేవీ తేని వాడి మాటేమిటి?

మొన్న సంక్రాంతికి మా బ్యాచ్ కలిసినప్పుడు ఆ చెప్పుల కుప్ప దగ్గరివాడూ వచ్చాడు. అన్న కిరాణా కొట్లో పొట్లాలు కడతాడట, జుట్టు నెరిసింది. భోజనాలకు ఇంకా టైముందని గూన పెంకులు ఏరుకుని ఆటకు దిగాం. వాడు ఎవరూ చెప్పకుండానే పోయి బూట్ల కుప్ప పక్కన కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా జట్టులో నిలబెట్టాను. పెంకులు పేరుస్తుంటే బంతి వచ్చి వాడి నడుముకి తగిలింది.

"వాడికి లేదురా, వాడు అరటిపండు!" అని వెనక నుంచి ఎవరో అలవాటుగా అరిచారు.

"ఉంది. అవుట్" అన్నాను. మా జట్టువాడే అయినా.

వాడు నన్ను చూశాడు, పెంకుల్ని చూశాడు. తర్వాత అందుకున్నాడు చూడండి! "నాకు తాకలే! తొండి! మీరంతా తొండి!" గీత అవతలికి తోయడానికి ఇద్దరు కావలసొచ్చింది. విస్తళ్ల ముందు కూర్చున్నాక కూడా, పప్పు వడ్డిస్తున్నవాళ్లను ఆపి మరీ, "నాకు తాకలే" అని చెబుతూనే ఉన్నాడు.

తాకింది. నేను చూశాను.