మెల్లగా పరిగెత్తడం వాచ్‌తోనే అలవాటైంది

ఫిట్‌నెస్ వాచ్ కొన్నాక ముందుగా అందులో నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. నేను చూడాలనుకున్నవి మూడే: పరిగెత్తేటప్పుడు గుండె వేగం, నిద్రలో గుండె వేగం, పడుకున్న గంటలు.

అంకె సరిగ్గా రావాలంటే వాచ్ పెట్టుకునే తీరు ముఖ్యం. వెనక మెరిసే పచ్చ లైటు చర్మం కింద రక్తం పారే తీరును బట్టి లెక్క కడుతుంది. పట్టీ వదులైతే లెక్క చెడుతుంది. అందుకని పరుగుకు ముందు మణికట్టు ఎముక నుంచి వేలెడంత పైకి జరిపి బిగిస్తాను. ఒక్కోసారి అది గుండెను వదిలేసి అడుగుల ఊపును పట్టుకుంటుంది. హాయిగా మాట్లాడగలుగుతున్నా అంకె 170 దగ్గరే కదలకుండా ఉందంటే అనుమానించాల్సిందే. ఇంటర్వెల్స్, అంటే కాసేపు గట్టిగా కాసేపు మెల్లగా మార్చి మార్చి పరిగెత్తే రోజు మాత్రం ఛాతీకి స్ట్రాప్ కట్టుకుంటాను. అది గుండె విద్యుత్ సంకేతాలనే అందుకుంటుంది కాబట్టి వేగం చటుక్కున మారినా తడబడదు.

అసలు మార్పు తేలిక పరుగుల్లో వచ్చింది. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే సూత్రం సగటు లెక్క. మనిషిని బట్టి పది, అంతకు మించి కూడా తేడా ఉండొచ్చు. అందుకే ఆగకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తి, అప్పుడు కనిపించిన అంకెకు అలర్ట్ పెట్టుకున్నాను. నాకది 145. మొదట్లో చిన్న ఎత్తు ఎక్కినా చేతి మీద గుర్రుమనేది, నడకలోకి దిగాల్సి వచ్చేది. చిరాకేసినా మాట విన్నాను. కొన్ని వారాలకు అదే 145 దగ్గర అదే ఎత్తును పరుగుతోనే దాటుతున్నాను. వారంలో గట్టి పరుగులకు కాళ్లలో సత్తువ కూడా మిగులుతోంది.

విశ్రాంతి విషయంలో ఒక్క రోజు అంకెను నేను పట్టించుకోను. నిద్రలో నా గుండె వేగం మామూలుగా 54 దగ్గర ఉంటుంది. ఒకసారి వరసగా రెండు రాత్రులు 60 దాటింది, హెచ్‌ఆర్‌వీ (ఒక గుండె చప్పుడుకూ తర్వాతి దానికీ మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులు) కూడా పడిపోయింది. మూడో రోజుకు గొంతునొప్పి, జ్వరం. అప్పటి నుంచి అలా కనిపిస్తే ఇంటర్వెల్స్ మానేసి నడకతో సరిపెడతాను. హెచ్‌ఆర్‌వీని మాత్రం ఇంకొకరితో పోల్చుకుని టెన్షన్ పడకండి, ఎవరి మామూలు వాళ్లది.

నిద్ర స్కోరు చూడకముందే ఒళ్లు ఎలా ఉందో ఒక్క ముక్క రాసుకుంటాను. గాఢ నిద్ర ఎంతసేపన్నది వాచ్ వేసే అంచనాయే. కచ్చితంగా తేలాలంటే మెదడు తరంగాలను కొలవాలి. ఎన్నింటికి పడుకున్నానన్నది నాకు బాగా పనికొచ్చింది. ఆలస్యంగా తిన్న రాత్రి గుండె వేగం దిగడానికి చాలాసేపు పడుతోందని గ్రాఫ్‌లో కనిపించాక భోజనం ముందుకు జరిపాను.

పదివేల అడుగుల లక్ష్యం తీసేశాను. అది 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరంతో ప్రచారంలోకి వచ్చిన అంకె. దాని బదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని పెట్టుకున్నాను. కేలరీల అంకె చాలా తేడాగా వస్తుంది, దాన్ని చూసి తిండి పెంచను.