డోలక్ మోగితే చాలు, 100 వోల్టుల లైన్ మొరాయిస్తోంది

కావలి దగ్గర మా ఊరి రామాలయంలో ఎనిమిది స్పీకర్ బాక్సులూ 100 వోల్టుల లైన్ (ఆంప్లిఫైయర్ నుంచి ఎక్కువ వోల్టేజీతో అన్ని స్పీకర్లకీ వెళ్లే తీగ, ప్రతి స్పీకర్ దగ్గరా దాన్ని తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) మీదికి వచ్చేశాయి, పాశురాలు చదువుతుంటే వీధి చివరి ఇంటిదాకా మాట స్పష్టంగా వినపడుతోంది. కానీ భజనలో డోలక్ పడిందా, ఆంప్లిఫైయర్‌లో ఎర్ర లైటు వెలిగి గొంతులు కూడా చీరుకుపోతున్నాయి. చచ్చేంత చిరాకు!

లెక్క ప్రకారం ఇలా జరగకూడదు. అన్నీ 10 వాట్ల ట్యాప్ (స్పీకర్ ఎంత పవర్ తీసుకోవాలో ఎంచుకునే ట్రాన్స్‌ఫార్మర్ కొస) మీదే, మొత్తం 80 వాట్లు, అంటే 125 ఓమ్స్. 120 వాట్ల ఆంప్లిఫైయర్ 83 ఓమ్స్ దాకా లాగాలి (ఓమ్స్ తగ్గేకొద్దీ దాని మీద భారం పెరుగుతుంది). అహూజాది, దాని మీద నాకు అనుమానం లేదు, ఈ పనికి నేను వేరేది కొనను.

అందుకే ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ని స్పీకర్‌తో సహా దించి, ప్రైమరీకి (లైన్‌కి కలిసే వైండింగ్‌కి) సిరీస్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఫోన్ టోన్‌ని చిన్న ఆంప్లిఫైయర్ గుండా పంపి రెండింటి మీదా వోల్టేజీ కొలిచాను. 1000 హెర్ట్జ్ దగ్గర 950 ఓమ్స్ వచ్చింది, బాగానే ఉంది. 200 దగ్గర 520. 100 దగ్గర 290. 60కి దిగితే 180! మీటర్ చౌకదే, అయినా రెండు రీడింగులూ దానితోనే తీశాను కాబట్టి నిష్పత్తిని నమ్మొచ్చు. ఎనిమిదీ పారలల్‌లో ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర లోడు 36 ఓమ్సే, ఆంప్లిఫైయర్ భరించేదాంట్లో సగం కూడా లేదు. ప్రైమరీ ఇండక్టెన్స్ (మారే కరెంటుని అడ్డుకునే గుణం) అర హెన్రీ లోపే అన్నమాట. కోర్‌లో ఇనుము మరీ తక్కువ, పైగా ఫుల్ వోల్టేజీకి అది సాచురేట్ (ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితి) కూడా అవుతోందని నా అనుమానం.

బేస్ ఆపుదామని అవుట్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్ల మోటార్ కెపాసిటర్ వేస్తే ఇంకా చెడింది. అది వైండింగులతో కలిసి 200 హెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతోంది, అంటే ఆ శబ్దాన్నే ఎక్కువ చేస్తోంది (లెక్కలో సరిగ్గా 205 వచ్చింది), మగగొంతులు కుండలోంచి వచ్చినట్టున్నాయి. లైన్‌లో కెపాసిటర్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

బేస్ కోత ఆంప్లిఫైయర్‌కి ముందే పడాలి. ఆంప్లిఫైయర్ ఆక్స్ ఇన్‌పుట్ (బయటి సిగ్నల్ ఇచ్చే సాకెట్) 47 కిలో ఓమ్స్ కాబట్టి సిరీస్‌లో 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 150 హెర్ట్జ్ దగ్గర్నుంచి కిందికి తగ్గుతూ పోతుంది, ఈ వారం అదే.

అసలు మనసు మాత్రం ఇప్పుడున్న ట్రాన్స్‌ఫార్మర్ల బదులు 12-0-12 (మధ్య కొస నుంచి అటూ ఇటూ 12 వోల్టులు), 2 ఆంపియర్ల మామూలు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది. రెండు కొసలూ స్పీకర్‌కి, 230 వైపు లైన్‌కి ఇస్తే 100 వోల్టులకి 10.4 వోల్టులు, 8 ఓమ్స్ మీద 13.6 వాట్లు. ఎనిమిదికి 109, ఇదీ సరిపోతుంది. 50 హెర్ట్జ్‌లో 230 తట్టుకునే కోర్‌కి 100 వోల్టుల డోలక్ లెక్కే కాదు. సన్నటి పై శబ్దాలు ఎంత పోతాయో వినాలి, నెల్లూరు వెళ్లినప్పుడు ముందు ఒక్కటే తెస్తాను.