నీతిబోధ క్లాసులో ఒక ఎదురు ప్రశ్న

మనం కడపలో చదువుకున్న రోజుల్లో బడిలో పండుగంటే క్రిస్మసే. నక్షత్రం కట్టడం, పశువుల పాక వేయడం, నాటకంలో గొర్రెల కాపరి వేషం కోసం కొట్లాట. (నాకు ఎప్పుడూ గొర్రె వేషమే దక్కింది.) సిలువ మీద చనిపోయిన యేసు మూడోరోజు ఆదివారం తిరిగి లేచాడని చేసుకునే ఈస్టర్ ఎప్పుడొచ్చి పోయేదో మాలాంటి హిందువుల పిల్లలకు తెలిసేదే కాదు. అసలే పరీక్షల టెన్షన్, పైన మన ఊరి ఎండలు.

నీతిబోధ చెప్పే సార్ మాత్రం ఒకరోజు తేల్చేశారు. "పుట్టుక అందరికీ ఉందప్పా. ఆ ఆదివారం ఆయన లేవకుంటే క్రిస్మస్ ఎవరు చేస్తారు?"

వెనక బెంచీ నుంచి మావాడొకడు లేచాడు. "సచ్చినోడు లేచొచ్చినాడంటే ఎట్ల నమ్మాల సార్?"

సార్‌కు కోపం రాలేదు. మేకుల గాయాల్లో వేలు పెడితే గానీ నమ్మనన్న శిష్యుడు తోమా కథ చెప్పి, యేసు మతాన్ని ఊరూరా ప్రకటించిన పౌలు కొరింథు ఊరి క్రైస్తవులకు (కొరింథీయులకు) రాసిన మొదటి పత్రిక, 15వ అధ్యాయం తీశారు. క్రీస్తు లేవకపోతే మేం ప్రకటించేదీ దండగే, మీ నమ్మకమూ దండగే అంటాడు పౌలు. సిలువ వేసిన సుమారు పాతికేళ్లకు రాసిన ఉత్తరమది. తన మతం ఆయువుపట్టును తానే చూపించిన ఆ ధైర్యం నాకు నచ్చింది.

మావాడు వదల్లేదు. "మనకూ పునర్జన్మ ఉంది గదా సార్, రెండూ ఒకటేనా?"

నన్నడిగితే ఆ ఏడాది క్లాసులో అడిగిన మంచి ప్రశ్న అదే. పునర్జన్మలో పాత ఒళ్లు వదిలేసి కొత్త ఒంట్లోకి పోతారు, ఇక్కడ అట్ల కాదన్నారు సార్. లేచిన యేసు ఒంటిమీద గాయాలు అట్లే ఉన్నాయి. శిష్యుల ఎదుట కాల్చిన చేప తిన్నాడు. యేసు బతికించిన లాజరు కూడా సమాధిలోంచి లేచొచ్చాడు గానీ, అతనికి మళ్లీ చావు తప్పదు. క్రీస్తుకు ఇక చావు లేదు, ఆయన్ను నమ్మినవాళ్లూ చివరి దినాన అట్లే లేస్తారని క్రైస్తవుల ఆశ. సిలువ మీద మన పాపాల అప్పు తీరిందనుకుంటే, లేవడం దానికి రసీదు అన్నారు సార్.

ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్లనీ, ఆ కాలంలో వాళ్ల సాక్ష్యానికి పెద్ద విలువ లేదనీ, కట్టుకథైతే మగవాళ్లనే సాక్షులుగా పెట్టుకునేవాళ్లనీ కూడా చెప్పారు. ఆ వాదన నన్ను పూర్తిగా ఒప్పించలేదు. నన్ను ఆలోచనలో పడేసింది హాస్టల్ స్నేహితుడి జేజి.

ఈస్టర్ ముందురోజు వాళ్లు సమాధులకు సున్నం కొట్టేవాళ్లు. తెల్లారకముందే కొవ్వొత్తులు పట్టుకుని అక్కడే ప్రార్థన. ఒకసారి వాడితో నేనూ పోయినా. జేజి ఏడుస్తుందేమో అనుకున్నా. ఆమె మొగుడి సమాధి మీద నిరుటి మైనాన్ని కత్తిపీట ముక్కతో గీకుతూ కొడుకుతో అంది: "నన్నూ ఈయన పక్కనే పెట్టండ్రా. లేసేటప్పుడు ఎతుక్కునే పని ఉండదు."

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం కమిటీకి ఒక మనవి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. ఏటా తేదీ మారుతుంది, మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎప్పుడైనా పడొచ్చు. పోయినసారి సరిగ్గా ఆరోజే సమ్మేళనం పెట్టి, మనవాళ్లలో సగంమంది రాలేదని వాట్సాప్‌లో అలిగాం. ఈసారి ఉగాదికి పంచాంగం చూసే చేత్తోనే అదీ ఒకసారి చూడండి.