ఆరు గంటలు ఆగిపోయిన టెస్ట్: టైమౌట్లతో నా అనుభవం

శుక్రవారం సాయంత్రం కోడ్ పుష్ చేసి ఇంటికొచ్చేశాను. శనివారం పొద్దున చూస్తే బిల్డ్ (కోడ్ పుష్ చేయగానే టెస్టులన్నిటినీ నడిపే రన్) ఆరు గంటలు నడిచి రద్దయింది. మామూలుగా మా టెస్టులన్నీ 7 నిమిషాల్లో అయిపోతాయి. ఆ టెస్టులను నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ సేవలో మనం ఏమీ పెట్టకపోతే ఒక జాబ్‌కు (ఒక విడత పనికి) గడువు, అంటే టైమౌట్, 360 నిమిషాలు. అప్పటిదాకా ఏదో టెస్ట్ కదలకుండా కూర్చుంది.

ముందు జాబ్ గడువు 20 నిమిషాలకు తగ్గించాను. సోమవారం మళ్లీ ఆగింది. ఈసారి 20 నిమిషాలకే తెగింది గానీ, లాగ్‌లో ఒక ఫైలు పేరు, దాని పక్కన కొన్ని చుక్కలు తప్ప ఏమీ లేవు. "రీరన్ కొట్టు, పాసైపోతుంది" అన్నాడు పక్క సీటు మిత్రుడు. నిజంగానే పాసైంది. నాకు మాత్రం టెన్షన్ తగ్గలేదు. రీరన్‌కు అలవాటు పడ్డ టీమ్, అసలైన తప్పు వచ్చినా రీరనే కొడుతుంది.

మా పైథాన్ టెస్టులను నడిపే పైటెస్ట్ తనంతట తాను ఏ టెస్ట్‌కూ గడువు పెట్టదు. అందుకే పైటెస్ట్-టైమౌట్ ప్లగిన్ (అదనంగా తగిలించే భాగం) వేసి, ఒక్కో టెస్ట్‌కు 10 సెకన్లు ఇచ్చాను. అది నా తొందరపాటు. పీడీఎఫ్ రిపోర్ట్ తయారుచేసే టెస్ట్ నా ల్యాప్‌టాప్‌లో 8 సెకన్లలో అవుతుంది, సీఐ మెషిన్‌లో (బిల్డ్ నడిచే కంప్యూటర్‌లో) 14 పడుతుంది. ఏ తప్పూ లేని టెస్ట్ ఫెయిలైంది. అప్పుడు టెస్టులకు ఎంతసేపు పట్టిందో చూపే డ్యూరేషన్స్ ఆప్షన్ పెట్టి, వారం రోజుల సీఐ రన్‌ల సమయాలు రాసుకున్నాను. ఆ పీడీఎఫ్ టెస్టే అన్నిటికంటే నిదానం. అయినా ఏ రోజూ 20 సెకన్లు దాటలేదు. దాన్నిబట్టి అన్నిటికీ 60 సెకన్లు ఖాయం చేశాను. టైమౌట్ ఉన్నది నిదానంగా నడిచే టెస్ట్‌ను శిక్షించడానికి కాదు, ఇక ఎప్పటికీ పూర్తికాని దాన్ని పట్టుకోవడానికి.

రెండు రోజులకు ఆగిపోతున్న టెస్ట్ దొరికింది. టైమౌట్ కాగానే ప్లగిన్ ఆగిన లైను చూపించింది: క్యూలోంచి (ఒక థ్రెడ్ పెట్టినదాన్ని ఇంకొకటి తీసుకునే వరుసలోంచి) ఫలితం తీసుకునే గెట్ అనే ఫంక్షన్. పైథాన్‌లో దానికి గడువు ఇవ్వకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. అవతల ఫలితం పెట్టాల్సిన వర్కర్ థ్రెడ్ (వెనకాల విడిగా నడిచే పని), డేటాబేస్ కనెక్షన్ దొరకనప్పుడల్లా ఎక్సెప్షన్‌తో, అంటే ఎర్రర్‌తో, చచ్చిపోతోంది. రాని ఫలితం కోసం టెస్ట్ కాచుకుని ఉంది.

గెట్‌కు 5 సెకన్ల గడువిచ్చి, వర్కర్‌లో వచ్చే ఎర్రర్‌ను కూడా క్యూలోనే పెట్టేలా మార్చాను. ఇప్పుడు లోపల గెట్‌కు 5 సెకన్లు, టెస్ట్‌కు 60, జాబ్‌కు 20 నిమిషాలు. లోపలిది ముందు తెగితేనే అసలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. గత నెలలో బిల్డ్ మళ్లీ ఒకసారి ఎర్రబడింది (ఫెయిలైంది). కనెక్షన్ ఎర్రర్ లాగ్ మొదటి పేజీలోనే కనబడింది. ఈసారి రీరన్ మాట ఎవరూ ఎత్తలేదు.