అయిదో వాయికి కుదిరిన గ్రీన్ టీ

ఒడిశా కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో మా పెరటి టీ మొక్కల సంగతి ఎంతవరకు వచ్చిందో రాస్తానని చాలాసార్లు అన్నాను, ఇదిగో ఇప్పటికి తీరింది. 2021 జూన్‌లో తెలిసినాయన ఒకరు నీలగిరుల్లోని కూనూరు నుంచి వస్తూ పద్నాలుగు మొక్కలు తెచ్చిచ్చారు. ఇప్పుడు తొమ్మిది మిగిలాయి. పోయినవాటిలో రెండు నీళ్ళు నిలిచే చోట పెట్టడం వల్ల మొదటి వానాకాలంలోనే వేరు కుళ్ళి పోయాయి, మిగతా మూడూ నా తెలివి వల్ల పోయాయి.

ఆ తెలివేంటంటే బూడిద. సొరపాదుకీ చిక్కుడుకీ అమ్మ పొయ్యి బూడిద వేస్తుంది కదా, మందులు లేని పద్ధతి కదా అని టీ మొక్కల మొదట్లో కూడా గుప్పెళ్ళతో చల్లాను. టీకి పుల్లటి నేల కావాలి, పీహెచ్ నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది, మా కొరాపుట్ ఎర్రమట్టి దానికి బాగానే సరిపోతుంది, నేనే వెళ్ళి ఆ పులుపుని తగ్గించే బూడిదతో దాన్ని చెడగొట్టాను. లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. అప్పటినుంచి బూడిద బంద్. చివికిన పేడ ఎరువు, మొదళ్ళ చుట్టూ సిల్వర్ ఓక్ చెట్టు ఆకు మందంగా పరచడం, వానలకు ముందు ఒకసారి ఘనజీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు), అంతే.

రెండో గొడవ టీ దోమ. పలాస వైపు జీడితోటలున్నవాళ్ళకి దీని గురించి నేను చెప్పక్కర్లేదు, అదే పురుగు. లేత చిగురు మీద సూదితో గుచ్చినట్టు గోధుమరంగు చుక్కలు పడతాయి, రెండుమూడు రోజుల్లో చిగురు వంకర తిరిగి మాడిపోతుంది. లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేప నూనె, కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం పూట కొడతాను. కొట్టాక పది రోజులు ఆకు ముట్టను, లేకపోతే టీ అంతా వేప వాసనే. మొక్కలు తొమ్మిదే కాబట్టి పొద్దున్నే వెళ్ళి చేత్తో నలిపేయడమే అన్నిటికన్నా బాగా పనిచేసింది. మందు కొట్టకుండా వదిలేస్తే ఆర్గానిక్ అయిపోతుందని మొదట్లో నేనూ అనుకున్నాను, నిజానికి పని రెట్టింపవుతుంది. (అమ్ముకోవాలంటే ఇదీ చాలదు. సర్టిఫికెట్ నిబంధనల ప్రకారం ఇలాంటి ఏళ్ళ తరబడి ఉండే పంటకి మూడేళ్ళ మార్పిడి కాలం (మందులు మానేశాక ఆగాల్సిన గడువు), రాతకోతలు, తనిఖీలు ఉంటాయి. నాది పెరటి సరదా, ఆ జోలికి పోను.)

ఇక ఆకు సంగతి. గ్రీన్ టీ, మామూలు టీ రెండూ ఒకే మొక్కవి. వంకాయ కోసి గాలికి వదిలేస్తే నల్లబడుతుంది కదా, నలిగిన టీ ఆకులోనూ అదే జరుగుతుంది, అందులోని ఎంజైము గాలి తగిలి ఆకుని ఎర్రగా మారుస్తుంది. దాన్ని పూర్తిగా మారనిస్తే బ్లాక్ టీ. మొదట్లోనే వేడి తగిలించి ఆ ఎంజైముని చంపేస్తే గ్రీన్ టీ. చదివితే ఇంతేనా అనిపించింది. చేస్తే నాలుగు వాయిలు పాడయ్యాయి.

మొదటి వాయి, 2024 జూలై. రెండాకులూ మొగ్గా చొప్పున ఉదయం కోసి, ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి, ఆఫీసు నుంచి వచ్చాక చేద్దామని పెట్టాను. సాయంత్రానికి కవర్లో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది, అంచులన్నీ రాగిరంగు. ఎండబెట్టి తాగాం, అటు గ్రీనూ కాదు ఇటు బ్లాకూ కాదు.

రెండోది జపాన్ పద్ధతి, అంటే ఆవిరి. మన ఇడ్లీపాత్ర ఉందిగా అనుకున్నాను. నిమిషం, నిమిషంన్నర చాలు, నేను ఇడ్లీ లెక్కలో నాలుగు నిమిషాలుంచితే తోటకూర అయింది. మూడోదానికి నిమిషంన్నరే ఉంచాను, రంగు అద్భుతం, కానీ పైన తడి ఆరకుండా నలిపేసరికి ముద్దకట్టి లోపల బూజు పట్టింది. నాలుగోది చైనా పద్ధతిలో మూకుడు మీద వేపాను, మంట ఎక్కువై మాడింది.

అయిదోది నిరుడు సెప్టెంబర్లో, సెలవు రోజు చూసుకుని. మంచు ఆరాక ఎనిమిదింటికి కోత మొదలుపెట్టాను, 210 గ్రాములొచ్చింది, చిగుళ్ళు ఓ మూడొందలుంటాయి. ఈసారి కవరు కాదు, వెదురు బుట్ట. నీడలో చాట మీద పల్చగా గంటన్నర ఆరబెట్టాను. మందపాటి ఇనప మూకుడు, నూనె వాసన లేకుండా సున్నిపిండితో రెండుసార్లు తోమింది, బాగా కాలాక రెండు గుప్పెళ్ళ ఆకు మాత్రమే వేసి ఆపకుండా చేత్తోనే ఎత్తి ఎత్తి వేశాను. మొదట చిటపటలు, పచ్చిగడ్డి వాసన. మూడు నిమిషాలు దాటాక ఆ వాసన పోయి ఉడికిన చిక్కుడు గింజల వాసనొచ్చింది, కాడని వంచితే విరగకుండా దారంలా వంగింది. అదీ గుర్తు. వెంటనే చాట మీదకి తీసి విసిరాను, వేడి మీద వదిలేస్తే పసుపుబారుతుంది. చల్లారాక అరచేతుల మధ్య ఒకే వైపు తిప్పుతూ పది నిమిషాలు నలిపితే ఆకు సన్నగా మెలి తిరిగి చేతులు జిగురయ్యాయి. తర్వాత చిన్న మంట మీద మళ్ళీ మూకుడు, తీయడం, ఆరనివ్వడం, మళ్ళీ మూకుడు, ఇలా రెండు గంటలు. కాడ టక్కున విరిగి, ఆకు నలిపితే పొడి అయ్యేదాకా. చివరికి తూచితే 46 గ్రాములు.

టీ పెట్టే పద్ధతి కూడా తప్పే చేశాను కొన్నాళ్ళు. మరిగే నీళ్ళు పోస్తే చేదు, వగరు ఒక్కసారి దిగిపోతాయి. మా ఊరు మూడువేల అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి, అయినా అది ఎక్కువే, 75-80 కావాలి. పాల థర్మామీటరుతో చూశాను, మరిగిన నీళ్ళని ఒక స్టీలు గ్లాసులోంచి ఇంకో దాంట్లోకి రెండుసార్లు మారిస్తే దాదాపు అక్కడికొస్తుంది. 200 మిల్లీలీటర్లకి చెంచాడు, అంటే రెండున్నర గ్రాములు, రెండు నిమిషాలు, వడకట్టడం. అదే ఆకుతో ఇంకో రెండుసార్లు వస్తుంది, నాకైతే రెండోసారిదే ఇష్టం. వేసవిలో ఆకుని చన్నీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే చేదన్నదే ఉండదు.

అమ్మ ఒక గుక్క తాగి "ఏట్రా ఇది, గరిక ఉడకేసిన నీళ్ళలాగుంది" అంది. పక్కింటి ఒడియా మౌసీ మర్యాదగా గ్లాసు ఖాళీ చేసి, "దుధ నాహిఁ?" (పాల్లేవా?) అని అడిగింది. అమ్మ ఇప్పుడు పెరట్లోని నిమ్మగడ్డి రెండు పరకలు అందులో వేసుకుని తాగుతోంది. ఆమె ఐరన్ మాత్రలు వేసుకుంటుంది కాబట్టి భోజనానికీ మాత్రకీ దగ్గర్లో ఇవ్వను, టీలోని వగరు ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. సాయంత్రం ఆరు తర్వాత నేనూ తాగను, నిద్ర పట్టదు.

నిల్వకి గట్టి మూత స్టీలు డబ్బా, వెలుతురు తగలని అర. మొదటిసారి ఇంగువ డబ్బా పక్కన పెట్టి వారం పాటు సాంబారు టీ తాగాం.

ఇప్పుడు చిగుళ్ళు మళ్ళీ కోతకొచ్చాయి, కానీ నాలుగు రోజులుగా వాన తెరిపివ్వలేదు, తడి ఆకు మూకుట్లో వేస్తే వేగదు, ఉడుకుతుంది. ఆదివారం పొద్దున ఎండ కాస్తే కోస్తాను. గోడ వైపు మొక్క మీద టీ దోమ చుక్కలు నిన్ననే కనిపించాయి.