కలడో లేడో

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణములపాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో

గజేంద్ర మోక్షంలోని ఈ పోతన పద్యం నాకు ఏడేళ్ళకే నోటికొచ్చు. అర్థం తెలిసి కాదు, కంఠతా పట్టించారు కాబట్టి. పదిహేడేళ్ళకు అడగడం మొదలుపెట్టాను, దేవుడుంటే పసిపిల్లలకు అంత బాధ ఎందుకని. "అలా అడక్కూడదు, కళ్ళు పోతాయి" అన్నారు. భయపెట్టి నోరు మూయించేచోట ఉండలేకపోయాను. పదిహేనేళ్ళు దేవుడికి దణ్ణం పెట్టలేదు.

మా పాపకి ఐదు నెలలప్పుడు ఒకసారి, రాత్రి రెండింటికి, భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఎంతకీ నిద్రపోదు, నాకేమో జోలపాటలు రావు, ఊరికే వీపు మీద తడుతుంటే ఆ దరువుకి నోట్లోంచి ఈ పద్యం దానంతటదే వచ్చేసింది. మూడు పాదాలు గడగడా అయిపోయాయి. నాలుగోదాని దగ్గర గొంతు ఆగిపోయింది. కలడో లేడో! నేను ఏ ప్రశ్నతో ఇల్లు దాటానో అదే ప్రశ్న, నాకు ఏడేళ్ళప్పుడే వాళ్ళే నా నోట్లో పెట్టారు.

తర్వాత కూర్చుని చదివాను. సంస్కృత భాగవతంలో గజేంద్రుడి స్తుతి ఉంది గానీ ఈ సందేహం లేదు, ఇది పోతన చేర్చింది. మొసలితో వెయ్యేళ్ళు పెనుగులాడి అలిసిపోయిన ప్రాణి ఇలా అనకుండా ఉంటుందా అని ఆయనకు తోచి ఉంటుందని నాకనిపిస్తుంది. ఇంకో మాట మూలంలోనే ఉంది, ఆ ఏనుగు జపించింది పూర్వజన్మలో నేర్చుకున్న స్తోత్రాన్నట. ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

పద్యంలో "అందురు" మూడుసార్లు వస్తుంది. అందరూ ఉన్నాడంటారు, అంతే, అది వాళ్ళ మాట. కాసేపటికి "లావొక్కింతయు లేదు" అని మొదలుపెట్టి "నీవే తప్ప నితఃపరం బెఱుగ" అంటాడు. వాళ్ళ మాట పోయి "నీవు" వచ్చింది. మధ్యలో ఎవరూ రుజువు చూపించలేదు. ఇక లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా, శంఖచక్రాలు చేతబట్టకుండా పరుగెత్తుకొచ్చిన స్వామి, నన్ను లేడన్నావు కదా అని ఆ ఏనుగును నిలదీయలేదు.

"చూశావా, చివరికి దారికొచ్చావు" అంటుంటారు మావాళ్ళు. ఆ మాట నాకు నచ్చదు. పసివాళ్ళ బాధకు పూర్వజన్మ కర్మే కారణమంటే ఇప్పటికీ ఒప్పుకోలేను, అది ఆయన ముందే చెప్పుకుంటాను, దణ్ణం పెట్టుకుంటూనే.

పాపకి ఇప్పుడు ఆరేళ్ళు, పద్యం నేర్పుతున్నాను. నాలుగో పాదం అయ్యాక తర్వాతి పద్యానికి వెంటనే పోము. కాసేపు అక్కడే ఆగుతాం.