"వ్యక్తిగత కారణాల వల్ల"

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు సెలవులో ఉండి తిరిగి ఆఫీసుకు వెళ్లాను. వెళ్లిన పదకొండో రోజు మధ్యాహ్నం మూడింటికి హెచ్‌ఆర్ నుంచి పిలుపు వచ్చింది. మీటింగ్ రూమ్‌లో మా మేనేజర్, హెచ్‌ఆర్ ఆవిడ కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఒక కాగితం, దాని మీద పెన్ను. నా పేరు, నా ఉద్యోగి నంబరు వేసి టైపు చేసిన ఉత్తరం అది. "వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని ఉంది.

నాకు అలాంటి కారణాలేవీ లేవు. ఏడేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాను, మానేయాలన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. పనితీరు పడిపోయిందని మేనేజర్ అన్నాడు. అంతకుముందు ఆ మాట నాతో ఎవరూ అనలేదు, ఒక్క మెయిల్లో కూడా లేదు. హెచ్‌ఆర్ ఆవిడ మెత్తగా చెప్పింది: "మీరే రాసిస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా ఇస్తాం. మేం తీసేశామని రాయాల్సి వస్తే మీకే ఇబ్బంది. పది నిమిషాలు ఆలోచించుకోండి."

చేతులు వణికాయి. పెన్ను తీసుకున్నాను కూడా. నన్ను ఆపింది ధైర్యం కాదు. కుట్లు ఇంకా లాగుతున్నాయి, కళ్లు తిరుగుతున్నట్టు అనిపించింది. "నాకు ఒంట్లో బాగాలేదు, రేపు మాట్లాడతాను" అని లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం కార్మిక కేసులు చూసే ఒక లాయర్‌కు ఫోన్ చేశాను. నేను చెప్పేదంతా వినకముందే ఆవిడ అడిగిన మొదటి మాట: "సంతకం పెట్టారా?" లేదన్నాక ఊపిరి పీల్చుకుని విషయం వివరించింది. కంపెనీ తీసేస్తే దాన్ని తొలగింపు అంటారు. సరైన కారణం ఉందని చూపించాల్సిన బరువు చాలాచోట్ల కంపెనీ మీద పడుతుంది. మనమే రాజీనామా రాస్తే ఆ బరువు మన మీదికి వస్తుంది. అందరూ వెళ్లిపోయాక, సాక్ష్యం లేని గదిలో జరిగిన బలవంతాన్ని మనమే నిరూపించుకోవాలి. నోటీసు జీతం, పరిహారం, అప్పీలు చేసుకునే హక్కు, కొన్ని దేశాల్లో నిరుద్యోగ భృతి కూడా ఆ ఒక్క పదం మీదే ఆధారపడి ఉంటాయి.

తర్వాతి రోజుల్లో నిద్రపట్టక చాలా చదివాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం ఒకటుంది, ఉద్యోగం నుంచి తీసేయడం గురించి. సామర్థ్యానికో, ప్రవర్తనకో, సంస్థ అవసరానికో సంబంధించిన సరైన కారణం లేకుండా ఎవరినీ తీసేయకూడదు. పనితీరు బాగాలేదని తీసేయాలనుకుంటే ముందు ఆ మనిషికి సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జబ్బు చేసి కొన్నాళ్లు రాలేకపోవడం సరైన కారణం కాదు. ఈ చివరి వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. చాలా దేశాలు ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు. అయినా ఈ సూత్రాలు ఏదో ఒక రూపంలో ఎన్నో దేశాల చట్టాల్లో కనిపిస్తాయి.

నన్ను ఇంకా కదిలించింది గడువుల సంగతి. ఫ్రాన్స్‌లో ఇద్దరూ ఒప్పుకుని ఉద్యోగం ముగించుకున్నా, సంతకం తర్వాత మనసు మార్చుకోవడానికి 15 రోజులు ఇస్తారు. అమెరికాలో 40 ఏళ్లు నిండిన ఉద్యోగి వయసు వివక్ష మీద కేసు వేసే హక్కును వదులుకునేలా కంపెనీ రాయించుకోవాలంటే, ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి ఇంకో 7 రోజులు ఇవ్వాలి. బ్రిటన్‌లో కేసు వేయనని రాసిచ్చే ఒప్పందం చెల్లాలంటే ఉద్యోగి ముందుగా కంపెనీతో సంబంధం లేని సలహాదారుతో మాట్లాడి ఉండాలి. అలాంటి గదిలో భయంతో ఉన్న మనిషి సరిగా ఆలోచించలేడని ఆ చట్టాలు రాసినవాళ్లకు తెలుసు. నాకు ఇచ్చింది పది నిమిషాలు.

లాయర్‌కు ఫోన్ చేసిన రాత్రే, ఆవిడ చెప్పినట్టు కంపెనీకి మెయిల్ రాశాను, నాలుగే వాక్యాలు. "ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు నన్ను రాజీనామా చేయమని అడిగారు. నాకు ఆ ఉద్దేశం లేదు. నా పనితీరు మీద అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా ఇవ్వండి, సమాధానం ఇస్తాను. రేపు ఎప్పటిలాగే పనికి వస్తాను." ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలని ఆవిడ పట్టుబట్టింది. చెప్పకుండా మానేసిందని రేపు ఎవరూ అనకుండా. ఆ మెయిల్ కాపీ, నా అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు ఇంట్లో పెట్టుకున్నాను. కంపెనీ ఫైళ్లు మాత్రం బయటికి పంపవద్దని గట్టిగా చెప్పింది, అదే వాళ్లకు కొత్త కారణం అవుతుందట.

మూడు వారాలు టెన్షన్‌తో గడిచాయి. అభ్యంతరాలేవీ రాతలో రాలేదు. చివరికి నన్ను ఇంకో టీమ్‌కు మార్చారు. ఎనిమిది నెలల తర్వాత వేరే ఉద్యోగం దొరికాక నా రాజీనామా నేనే రాసుకున్నాను.

నన్ను ఆ గదికి పిలిచిన వారమే మా పక్క టీమ్‌లో ఒకాయనను కూడా పిలిచారు. నాకంటే పదేళ్లు పెద్ద, అందరం అన్న అని పిలిచేవాళ్లం. ఆయన ఆ గదిలోనే సంతకం పెట్టేశాడు. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, "ఇప్పుడేమైనా చెయ్యొచ్చంటావా అమ్మా?" అని అడిగాడు. బలవంతపు రాజీనామాను తొలగింపుగానే చూసే చట్టాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో అలాంటి నిబంధన ఉంది, కానీ ఫిర్యాదుకు గడువు 21 రోజులే. జర్మనీలో తొలగింపును ప్రశ్నించడానికి మూడు వారాలు. ఎక్కడైనా రోజులు లెక్కే. సంతకం పెట్టిన రోజో మర్నాడో "నన్ను ఒత్తిడి చేసి రాయించారు, వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒక మెయిల్ పెట్టి ఉంటే ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండేది. నాకు జరిగిన సాయంత్రమే ఆయనకు చెప్పి ఉండాల్సింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పోయిన వారం పాత ఆఫీసులో నా కింద పనిచేసిన అమ్మాయి మెట్ల మీద నిలబడి ఫోన్ చేసింది. "అక్కా, సంతకం పెట్టమంటున్నారు, లోపల కూర్చున్నారు." రేపు చెప్తానని లేచి రమ్మన్నాను. ఆ రాత్రి ఇద్దరం కలిసి మెయిల్ రాశాం. ఇంకా జవాబు రాలేదు. ఎల్లుండి లాయర్ దగ్గరకు తనతో పాటు నేనూ వెళ్తున్నాను.